నా మొహం చూసి వేసుకున్న గోలీలు

ఈ మధ్య మా వీధుల్లో కొత్త పిల్లలు కనిపిస్తున్నారు. భుజాన సంచి, మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. తాళం వేసిన గేటు ముందు నిలబడి "నమస్కారమండీ, మేము ఆరోగ్య సర్వే నుంచి వచ్చాం" అని కుక్కకు చెబుతుంటారు. చూస్తే జాలి వేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ కుక్కల దగ్గర నేను చాలా ఏళ్లు నౌకరీ చేశాను కాబట్టి ఈ నాలుగు ముక్కలు ఆ పిల్లల కోసం రాస్తున్నాను. ఆరోగ్య పరిశోధన అంటే ఏమిటో పెద్ద చదువులవాళ్లు ట్రైనింగులో చెబుతారు. భోజనం కూడా పెడతారు. అక్కడ చెప్పనివి ఇవి.

నా చదువు ఎనిమిదో తరగతి గుమ్మంలో ఆగిపోయింది. లెక్కల సారూ నేనూ ఒకరినొకరు భరించలేకపోయాం. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి నేనే బయటికి వచ్చాను. నల్గొండ పక్క పల్లె నుంచి పెళ్లయి సరూర్‌నగర్ చేరాను. ఒక క్లినిక్‌లో ఆయాగా కుదిరి, అక్కడి నుంచి పరిశోధనలోకి దొర్లిపోయాను. ఫీల్డ్ వర్కర్‌గా ఎక్కి ఫీల్డ్ వర్కర్‌గానే దిగాను. మధ్యలో ఆ ఉద్యోగానికి ఇంగ్లీషులో పేర్లు మార్చారు. పేరు పొడుగైనప్పుడల్లా నడక కూడా పొడుగైంది. ప్రమోషన్ల కథలు కావాలంటే వేరే ఎవరినైనా చూసుకోండి.

మేడం

ఆ క్లినిక్ డాక్టర్ భారతి మేడంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గడ్డిఅన్నారం పోయే సందుల్లో ఉండేది. ఆవిడది తెనాలి వైపు. పుట్టిన పిల్ల నుంచి పోబోయే ముసలి దాకా అందరినీ ఒకే కుర్చీలో కూర్చుని చూసే ఫ్యామిలీ డాక్టరు. జ్వరానికి వచ్చినవాడితో అత్తగారి కీళ్లనొప్పుల గురించి కూడా మాట్లాడి పంపేవారు. ఒక పెద్ద సంస్థ డబ్బులిస్తే బీపీ మీద పరిశోధన మొదలుపెట్టారు. ఇళ్లు తిరిగే పనికి డిగ్రీ అమ్మాయిలు వరసగా కూర్చుని ఉండగా, నేల తుడుస్తున్న నన్ను కూడా పిలిచి అడిగారు.

"సుగుణా, ఒక ఇంట్లోవాళ్లు తలుపు తియ్యలేదనుకో. ఏం చేస్తావు?"

"పక్కింట్ల కూసుంట మేడం."

"పక్కింట్లో ఎందుకు?"

"నేను ఆడ ఏం ముచ్చట వెడుతున్ననో ఇనాలని ఈళ్లే తలుపు తీస్తరు."

ఆవిడ నవ్వలేదు. "రేపటి నుంచి చీపురు వేరేవాళ్లకి ఇచ్చెయ్" అన్నారు. నా ఇంటర్వ్యూ అంతే.

పని ఇది. బీపీ ఉన్నవాళ్లకు మందులు రాసి పంపితే చాలామంది కొన్నాళ్లకే మానేస్తారు. ఒంట్లో ఏ నొప్పీ ఉండదు, మరి మందు ఎందుకు? అలాంటి ఇంటికి నెలకోసారి ఒక మనిషి వెళ్లి, బీపీ చూసి, నాలుగు మాటలు మాట్లాడి వస్తే మందులు సరిగ్గా వేసుకుంటారా, వేసుకోరా? ఇదీ మేడం ప్రశ్న. వేరే దేశంలో ఎవరో తేల్చిన జవాబు మా సందుల్లో పనిచేస్తుందన్న నమ్మకం ఆవిడకు లేదు. "అక్కడ బస్సు టైముకి వస్తుందే. ఆ మనిషి వేరు, మన మనిషి వేరు" అనేవారు.

గోల్ఫ్ ఆడతారా?

తలుపుల సంగతి ముందు చెప్పాలి. గల్లీల్లో తలుపు తెరిచే ఉంటుంది, మనిషి ఉండడు. అపార్ట్‌మెంట్లలో మనిషి ఉంటాడు, తలుపే తెరుచుకోదు. చైతన్యపురిలో ఒక పెద్దావిడ, గుంటూరు వైపు వాళ్లు, ఎప్పుడు వెళ్లినా గ్రిల్లు వెనక నుంచే మాట్లాడేవారు.

"మేం ఉప్పు చాలా తక్కువ తింటామమ్మా. రాసుకో."

ఆవిడ వెనక హాల్లో, గుడ్డలు కట్టిన ఆవకాయ జాడీలు గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు వరసగా ఉన్నాయి.

"మరి అవేందమ్మా?"

"అవా? అవి పచ్చళ్లు కదా. నువ్వడిగింది ఉప్పు గురించి."

నవ్వకండి. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. ఈ ఉద్యోగంలో సగం తప్పులు అబద్ధాల వల్ల రావు, ఇలాంటి నిజాల వల్ల వస్తాయి. ఈ సంగతి నాకు అప్పుడే అర్థమైతే ఇంత కథ ఉండేది కాదు.

ఇక ప్రశ్నలు. మా ప్రశ్నల కాగితం ఎక్కడో చల్లటి దేశంలో పుట్టి, ఢిల్లీలో బట్టలు మార్చుకుని, తెలుగులోకి దిగింది. గోల్ఫ్ ఆడటం, ఇల్లు ఊడ్చే మిషన్ తోయడం లాంటి పనులు చేసేటప్పుడు ఆయాసం వస్తుందా అని అడగాలి. పాత పండ్ల మార్కెట్ వెనక గల్లీలో అనసూయ అనే ఆమెను అడిగాను. కోచింగ్ పిల్లల హాస్టల్లో వంట చేసి, ఇంటికొచ్చి, కింది నల్లా నుంచి మూడో అంతస్తుకు బిందెలు మోసే మనిషి.

"గోల్ఫ్ అంటే ఏందక్కా?"

"పేద్ద మైదానంల చిన్న బంతిని కట్టెతోని కొట్టి, దాని ఎన్క నడుస్తరు."

"బంతి పోయిందా?"

"పోలె. ఆళ్లే కొడ్తరు."

"ఆళ్లే కొట్టుడు, ఆళ్లే దేవులాడుడా? పని లేనోళ్లకు బీపీ ఎట్లొస్తది అక్కా?"

ఈ జవాబు రాసుకోవడానికి కాగితంలో గడి లేదు. "వర్తించదు" అని రాశాను.

యాదగిరి

అనసూయ భర్త యాదగిరి. పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్లూ నడిచే పోయేవాడు. అది ఊరవతలికి తరలిపోయాక తెల్లారకముందే ట్రాలీ ఆటో ఎక్కి పోయి, పొద్దు వాలాక వచ్చేవాడు. మామిడి పెట్టెలు, బత్తాయి బస్తాలు. మెడ ఎడ్ల మెడలాగా ఉండేది. మీసం మాత్రం పెళ్లికొడుకుది.

అతని అన్న నర్సింహ కూడా హమాలీయే. కిడ్నీలు పోయి, డయాలసిస్ మీద కొన్నాళ్లు ఉండి, చనిపోయాడు. దవాఖానకు అన్నను తీసుకుపోయి, ఆ మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, మళ్లీ ఇంటికి తెచ్చింది యాదగిరే. ఆ తర్వాత ఏడాదికి నేను అతని చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ ఆకాశంలో ఉంది. చెప్పగానే మీసం కిందికి వాలింది.

"అక్కా, ఏమన్న చెయ్యి. గోలీలియ్యి, సూదులియ్యి. గానీ మా అన్న పండుకున్న మిషన్ మీద నన్ను పండవెట్టకు. గంతే."

"నేనేం చేస్తనయ్యా, మేడం చేస్తది."

"మేడం డాక్టరు. నువ్వు మనదానివి. నువ్వు సూసుకో."

మేడం మందులు రాశారు. రెండో నెలకే బీపీ దిగింది. మూడో నెల ఇంకా దిగింది. తర్వాత పుస్తకంలో రాసినట్టు నిలబడింది. యాదగిరిదే కాదు, ఆ గల్లీ మొత్తానిది. నాకైతే భూమి మీద కాళ్లు ఆనలేదు. మిగతా ఫీల్డ్ వర్కర్లు ఏం చేస్తున్నావక్కా అని అడిగితే, "జోకులు చెప్తున్న, బీపీకి జోకుకు మించిన మందు లేదు" అని బోధ చేసేదాన్ని. ఒకమ్మాయి అది నిజమని నమ్మి జోకులు కాగితం మీద రాసుకుని పోయింది. వాళ్ల గల్లీలో బీపీలు పెరిగాయి.

నేను పోయే పద్ధతి చెప్పాలి. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. "రేపు ఒస్తున్న, ఇంటికాడ ఉండుండ్రి" అని. అది ఆఫీసు నియమం కూడా. కష్టం చేసుకునే వాళ్ల ఇంటికి చెప్పకుండా పోవడం మర్యాద కాదు, పోయినా మనిషి దొరకడు. మంచి నియమమే. మా కొంప ముంచింది ఆ మంచి నియమమే.

కిడ్నీలకు అబద్ధం రాదు

ఏడాది తిరిగాక అందరికీ, మొదట్లో చేసినట్టే, మళ్లీ రక్తం, మూత్రం పరీక్షలు చేయించారు. ఒకరోజు మేడం నన్ను లోపలికి పిలిచారు. బల్ల మీద యాదగిరి కాగితాలున్నాయి.

"బీపీ చూడు, బంగారంలా ఉంది. కిడ్నీల పరీక్ష చూడు. పోయినసారి కంటే చెడిపోయింది. బీపీ ఇంత బాగుంటే ఇంత తొందరగా ఎందుకు చెడాలి?"

"ల్యాబోళ్లు తప్పు చేసిండ్రేమో మేడం."

"మళ్లీ చేయించాను. అదే వచ్చింది. బీపీ, కిడ్నీలు, ఈ ఇద్దరిలో ఎవరో ఒకళ్లు అబద్ధం చెప్తున్నారు సుగుణా. కిడ్నీలకి అబద్ధం చెప్పడం రాదు." కళ్లజోడు పైనుంచి చూశారు. "ఇలాగే పోతే కొన్నేళ్లలో వాళ్లన్న దారే. ఈసారి ఫోన్ చెయ్యకుండా వెళ్లు."

నాకు కోపం వచ్చింది. నా గల్లీని అనుమానిస్తారా అని. అయినా ఆదివారం చూసుకుని పోయాను. వెళ్లేసరికి అనసూయ వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే చేట గాలిలో ఆగిపోయింది.

"అక్కా! ఏందిది, ఫోన్ చెయ్యకుంట ఒచ్చినవ్?"

"ఇటు దిక్కు పనివడ్డది. ఎందుకు, రావొద్దా?"

"గట్లెవరన్నరు? కూసో, కూసో." అని లోపలికి తిరిగి గొంతు పెంచింది. "ఓయ్, అక్కొచ్చింది! బీపీ అక్క!"

లోపల గిన్నె ఏదో కింద పడింది. తర్వాత యాదగిరి గొంతు, గుసగుస అనుకుంటూ అరుస్తోంది.

"గోలీలు ఏడవెట్టినవే?"

"ఫ్రిజ్జు మీద!"

"ఫ్రిజ్జు మీద లెవ్వు!"

"దేవుని ఫోటో ఎన్క సూడు!"

నేను కుర్చీలో కూర్చుని రేడియో నాటకం విన్నట్టు విన్నాను. కాసేపటికి కథానాయకుడు వచ్చాడు, మీసం మీద నీటి బొట్లతో. చెయ్యి చాపమన్నాను. నూట తొంభై ఎనిమిది మీద నూట పదహారు.

"ఇప్పుడే ఏసిన గదక్కా. జర ఆగి సూడరాదు?"

"ఇదేమన్న బియ్యమా, ఉడికేదాంక ఆగనీకి? నిజం చెప్పు. రోజు ఏస్తున్నవా?"

అతను పెళ్లాం వంక చూశాడు.

"నన్నేం సూస్తవ్? నీకు నోరు లేదా?" అంది అనసూయ.

"నువ్వొచ్చే ముంగట ఏస్తనక్కా. నెల నిండొస్తుంటె రెండు మూడు దినాలు. ఫోనొచ్చిన రాత్రి మాత్రం తప్పకుంట."

"ఎందుకట్ల?"

"పెద్ద నంబర్ ఒస్తే నీ ముఖం మాడిపోయిన రొట్టె లెక్క అయితది. చిన్నది ఒస్తే నవ్వుతవ్, ముచ్చట్లు చెప్తవ్. గింత ఎండల పడి ఒస్తివి, నిన్నెందుకు పరేషాన్ చేసుడని."

"ఈయనొక్కడేనా?" అంది అనసూయ, ఇక దాచి లాభం లేదన్నట్టు. "నీ ఫోనొస్తే గల్లంత చెప్పుకుంటరు. రేపు అక్కొస్తది, గోలీలు తీయిండ్రి అని."

మా దగ్గర నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. గోలీలు నెలకోసారి, నాతో పాటు వస్తున్నాయి. చుట్టం వస్తున్నాడని ఇల్లు అలికినట్టు, నేను వస్తున్నానని ఒళ్లు అలికి పెట్టారు. నా జీవితంలో నాకు అంత మర్యాద చేసినవాళ్లు లేరు. మా ఇంట్లో అయితే అసలే లేరు.

పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మీరు మిషన్ మీద నంబరు చదువుతారు, మనుషులు మాత్రం మీ మొహం చదువుతారు. పెద్ద నంబరుకూ చిన్న నంబరుకూ ఒకే మొహం పెట్టడం నేర్చుకోండి. నాకు చాలా కష్టమైంది. అద్దం ముందు ప్రాక్టీసు చేస్తుంటే మా ఆయన జ్వరమా అని అడిగాడు.

పెద్ద సారు

మేడంకు చెబితే తిడతారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు జారిపోయేదాకా నవ్వారు. "దేవుని ఫోటో వెనకా?" అని అడిగి మళ్లీ నవ్వారు. ఉన్నట్టుండి ఆగి, "మరి మిగతా ఇళ్లు?" అన్నారు. మిగతా ఇళ్లకు కూడా ఫోన్ చెయ్యకుండా పోయాం. ఒక ముసలాయన అయితే నన్ను చూసి ఇంట్లో లేనని తనే చెప్పాడు. బీపీలన్నీ బయటపడ్డాయి.

డబ్బులిచ్చే సంస్థ నుంచి ఒక పెద్ద సారు వచ్చారు. మా గల్లీ లెక్కలు చూసి, ఈ ఇళ్లను వదిలేద్దాం, కొలతల్లో పొరపాటు అని రాసుకుందాం అన్నారు. మేడం మెత్తగానే అన్నారు, "పొరపాటు కాదు సార్. మనకి తెలిసిన ఒకే ఒక్క కొత్త సంగతి ఇది."

ఆయన నా వైపు చూపించి అడిగారు, "అయితే ఈమె ఇళ్లకి వెళ్లడం వల్ల మేలా, కీడా?"

"తెలీదు సార్. ఇప్పుడు కనుక్కోవాలి."

నా మొహం మీదే నా గురించి తెలీదన్న మనిషి మీద నాకు కోపం రావాలి. రాలేదు. తెలీదు అనగలిగిన డాక్టర్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను, అదీ ఒక చేతి వేళ్ల మీద. అలాంటి బాసు దొరికితే జీతం గురించి తర్వాత అడగండి. పెద్ద సారుది కూడా చెడ్డ ప్రశ్న కాదు. ఆయన పోయేటప్పుడు చాయ్ బాగుందన్నారు. ఆ ఒక్కటీ నిజంగా బాగుంది.

మిషన్ లేకుండా

లెక్కలు ఎలా పోయినా, యాదగిరి కిడ్నీలు ఆగవు. మేడం ఆ ఇంటికి స్వయంగా వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు.

"రోజూ ఎందుకు వేసుకోవు యాదగిరీ?"

"రోజు ఏస్తే పెయ్యికి అలవాటైతది మేడం."

"రోజూ అన్నం తింటున్నావు కదా. ఒంటికి అలవాటైపోతుందని మానేశావా?"

"అన్నం రుచిగుంటది మేడం."

పక్కనున్న నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మేడం ఏం చెప్పినా యాదగిరి తలూపాడు. తలూపడం ఒప్పుకోవడం కాదని ఇద్దరికీ తెలుసు. బయటికొచ్చాక ఆవిడ అన్నారు, "ఇంకేదో ఉంది సుగుణా. నాకు చెప్పడు. నీకూ ఆ మిషన్ పట్టుకుని వెళ్తే చెప్పడు. ఉత్త చేతులతో వెళ్లి కూర్చో."

ఉత్త చేతులతో పోవడం నాకు అలవాటు లేదు. సంచి లేకుండా ఆ గల్లీలో నడుస్తుంటే పూజారి జంధ్యం మరిచిపోయి గుడికి పోయినట్టు ఉంది. అనసూయ చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. నేనూ కూర్చుని తీశాను. యాదగిరి మార్కెట్ నుంచి వచ్చి, తువ్వాల దులిపి, గోడకు వీపు ఆనించి మెల్లగా దిగి కూర్చున్నాడు. దిగేటప్పుడు మోకాళ్లు, నడుము ఒక్కొక్కటే చప్పుడు చేశాయి. అనసూయ చాయ్ ఇచ్చింది. జేబులోంచి ఒక గోలీ తీసి నోట్లో వేసుకుని చాయ్‌తో మింగాడు.

నేను ఉబ్బిపోయాను. "అబ్బో, ఇయ్యాల నేను ఫోన్ చెయ్యకున్నా ఏసుకున్నవే!"

"ఇది గా గోలీ గాదక్కా. నొప్పి గోలీ."

"ఎవరు రాసిండ్రు?"

"రాసుడేంది? మెడికల్ షాపుల ఇస్తరు. నడుము నొప్పులని అడిగితే ఇస్తరు."

"రోజు ఏస్తవా?"

"మోసిన రోజు ఏస్త."

"మొయ్యని రోజు ఎప్పుడు?"

ఆలోచించాడు. "ఐతారం. ఐతారం గూడ ఒక్కోసారి."

ఏ మందులు వాడుతున్నావని మేం ఎన్నిసార్లు అడిగామో. ప్రతిసారీ బీపీ గోలీ అనే చెప్పాడు. ఇప్పుడు అడిగితే అతనికి నా ప్రశ్నే వింతగా ఉంది.

"ఇది మందెట్లయితదక్కా? చాయ్ తోని ఏసుకునేదాన్ని మందంటరా? మార్కెట్ల అందరు ఏస్తరు. ఏస్తేనే బస్తా లేస్తది."

"మరి బీపీ గోలీ రోజు ఏసుకోనీకి ఏం రోగం?"

అప్పుడు వచ్చింది అసలు మాట. "మా అన్న రోజు ఏసుకుండు బీపీ గోలీలు. దినాం తప్పకుంట. ఏమైంది? కిడ్నీలు పోయినయ్. గా గోలీలే తిన్నయ్ మా అన్నను. నా కిడ్నీలు నేను కాపాడుకుంటున్న."

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. కిడ్నీలను కాపాడే గోలీని కిడ్నీల మీద భయంతో మానేశాడు. కిడ్నీలను తినే గోలీని మందే కాదని రోజూ మింగుతున్నాడు.

"మీ అన్న గూడ నొప్పి గోలీ ఏసుకునేటోడా?"

యాదగిరి ఖాళీ చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు. అనసూయ చెప్పింది, కాయల మీంచి కళ్లెత్తకుండా. "ఇద్దరు కలిసి ఒక్క గోలీల పత్తా కొనేటోళ్లక్కా. ఇయ్యాల నీ జేబుల, రేపు నా జేబుల అని."

మర్నాడు మేడం దగ్గరికి ఇద్దరినీ తీసుకుపోయాను. ఆవిడ నెమ్మదిగా చెప్పారు. "మీ అన్నని ఏది తీసుకెళ్లిందో నేను కచ్చితంగా చెప్పలేను. ఆయన బీపీ మందులు మొదలెట్టేసరికే ఆలస్యమైపోయి ఉండచ్చు. కానీ ఈ నొప్పి మాత్ర ఏళ్ల తరబడి రోజూ వేసుకుంటే కిడ్నీల మీద పడుతుంది. అసలే నీవి దెబ్బతిని ఉన్నాయి. ఇది ఇవాళే ఆపాలి. బీపీ మాత్ర ఇవాళే మొదలెట్టాలి."

"ఆపితే బస్తా ఎట్ల లేపాలె మేడం?"

మేడం పూతమందు, వేడి కాపడం, కిడ్నీల జోలికి అంతగా పోని వేరే మాత్ర, అన్నీ చెప్పారు. చివరికి, "బరువు లేపే పని మానుకోగలవా?" అన్నారు. ఆవిడ గోల్ఫ్ ఆడతావా అని అడిగినట్టు అతను చూశాడు.

ఏరుడు పని

వారం రోజులు నొప్పి గోలీ లేకుండా మోశాడు. నడుము పట్టేసి, ట్రాలీలో పడుకోబెట్టి తెచ్చారు. లేచాక మళ్లీ ఆ గోలీ కోసం జేబులు వెతుకుతుంటే అనసూయ పత్తాను మోరీలో పారేసింది. ఆ రోజు వాళ్లిద్దరి మాటలు గల్లీ చివరి దాకా వినిపించాయి.

"మొయ్యకుంటె ఏం పని చెయ్యాలె నేను?"

"ఏరుడు పనికి పో."

"ఆడోళ్ల నడుమ కూసొని బత్తాయిలు ఏరాల్నా?"

"ఏరు. నీ మీసం బత్తాయిలకు అడ్డమొస్తదా?"

మార్కెట్లో బత్తాయిలను కుప్ప పోసి, సైజు చూసి, మెత్తబడ్డవి తీసేసి వేరుచేస్తారు. కూర్చుని చేసే పని. ఎప్పుడూ ఆడవాళ్లదే. యాదగిరి రెండు రోజులు అన్నం ముందు కూర్చుని అలిగాడు. మూడో రోజు పోయాడు. మొదటి రోజే ఒకామె, "ఏం మామా, గాజులు తెమ్మంటవా?" అందట. "తే, బీపీ పట్టీకి అడ్డం రానివి తే" అన్నాడట. ఇది అతనే నాకు చెప్పాడు, కొంచెం గర్వంగా. నేనేమో అద్దం ముందు నేర్చుకున్న మొహం పెట్టుకుని విన్నాను.

ఒక్క రోజులో మనిషి మారిపోయాడని రాస్తే మీరు నమ్మకండి. కొన్ని నెలలు తప్పించాడు, తిట్టాను, అనసూయ ఇంకా బాగా తిట్టింది. ఫోన్ చేసి ఒకసారి, చెయ్యకుండా ఒకసారి పోయేదాన్ని. రెండు నంబర్లూ మెల్లగా దగ్గరకు వచ్చాయి. "నిన్ను ఖుషీ చేసుడు బందువెట్టిన సంది నా బీపీ దిగిందక్కా" అన్నాడు ఒకరోజు. నా వృత్తి జీవితంలో నాకు దక్కిన సర్టిఫికెట్ అదే.

నేను దిగిపోయే ముందు చివరి పరీక్షల కాగితాలు వచ్చాయి. మేడం అతనిది ముందు తీసి చూసి, నా ముందు పెట్టారు. కిడ్నీలు పోయినసారి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. బాగుపడలేదు. పాడైంది పాడైనట్టే. "ఆగింది" అన్నారు ఆవిడ. "దీనికి మించి ఆశపడకూడదు. పండగ చేసుకో, పో."

పొద్దున పూట అతను ఇంట్లో ఉండడు కదా, నేనే ట్రాలీ ఆటో ఎక్కి ఊరవతల మార్కెట్‌కు పోయాను. షెడ్డు కింద పచ్చటి కుప్ప చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో మీసం. కాగితం చూపించి సంగతి చెప్పాను. అతను చదవలేదు. తువ్వాలతో చేతులు తుడుచుకుని, కాగితాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టి, ఇదివరకు నొప్పి గోలీలు ఉండే జేబులో పెట్టుకున్నాడు.

"అంటే, గా మిషన్ మీద?"

"ఇప్పట్ల లేదు. గోలీ మానితె మాత్రం నేనే తీస్కపోయి పండవెడ్త."

అప్పుడే ఒక నడివయసు హమాలీ వచ్చాడు. బస్తా దించినట్టున్నాడు, ఒక చెయ్యి నడుం మీద ఉంది.

"అన్నా, నొప్పి గోలీ ఉన్నదా?"

"లేదు."

"నీ జేబుల ఎప్పటికుంటయ్ గదనే."

"లేదు. ఉన్నా ఇయ్య. కూసో. ఈ కుప్ప ఏరు, నడుముకు జర దమ్ము దొరుకుతది."

అతను ఆడవాళ్లను చూసి నవ్వాడు. "ఛీ. గీ ఆడోళ్ల పని నేను చెయ్య."

యాదగిరి ఒక బత్తాయి తీసి, వేలితో నొక్కి చూసి, మెత్తగా ఉందని పక్కన పడేశాడు.

"మా అన్న గూడ గట్లనే అన్నడు" అన్నాడు.

ఆడవాళ్ల చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి. ఆ మనిషి నడుం మీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. కూర్చోలేదు. అలాగని వెళ్లిపోనూ లేదు.